పట్నంలో దారి చదువుదాం



మీరు ఎప్పుడైనా ఒక్కరే హైదరాబాదు పోయారా? బస్సు దిగగానే ఏమనిపించింది? గుండె దడదడలాడింది గదా!

ఎటు చూసినా జనం. ఎటు చూసినా బండ్లు. ఆటోవాళ్ళు చుట్టూ మూగుతారు. "ఎక్కడికమ్మా? రా, ఎక్కు!" అంటారు. ఎవరిని నమ్మాలో తెలియదు. ఎటు పోవాలో తెలియదు.

మనకు కారు లేదు. బండి నడపడం రాదు. అయినా పట్నంలో తిరగవచ్చు. సిటీ బస్సులు ఉన్నాయి. మెట్రో రైలు ఉంది. ఎంఎంటీఎస్ రైలు ఉంది. ఆటోలు ఉన్నాయి. మన కాళ్ళు ఉన్నాయి. మనం నేర్చుకున్న నాలుగు అక్షరాలు, పది అంకెలు ఉన్నాయి. అవి ఉంటే దారి దొరుకుతుంది.

ఎట్లా దొరుకుతుంది? ముందు ఒక అక్క సంగతి చెప్పుకుందాం.

ఒక అక్క ప్రయాణం

నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అక్క. నలభై అయిదేళ్ళు ఉంటాయి. రాత్రి బడిలో చదువు నేర్చింది. కూడబలుక్కుని చదువుతుంది. సంతకం పెడుతుంది.

ఆమె చెల్లె హైదరాబాదులో గాంధీ దవాఖానలో ఉంది. కడుపులో గడ్డ. ఆపరేషను చేయాలన్నారు. చెల్లె మగడు దుబాయిలో ఉన్నాడు. ఆపరేషనుకు ముందు ఇంటివాళ్ళు ఒకరు కాగితం మీద సంతకం చేయాలి. "అక్కా, రేపు పదకొండు గంటలకల్లా రావే" అని చెల్లె ఫోను చేసింది.

ఇదివరకు అయితే ఆ అక్క ఒక్కతే పోయేది కాదు. కొడుకునో, మరిదినో వెంట తీసుకుపోయేది. ఆ రోజు వాళ్ళ కూలి పోయేది. ఈసారి తోడు ఎవరూ దొరకలేదు. ధైర్యం చేసి ఒక్కతే బయలుదేరింది.

బస్సు మహాత్మా గాంధీ బస్టాండులో ఆగింది. దాన్ని ఎంజీబీఎస్ అంటారు. ఇమ్లీబన్ అని కూడా అంటారు. బస్టాండు పక్కనే మెట్రో స్టేషను ఉంది. అక్క అక్కడికి పోయింది. "గాంధీ హాస్పిటల్" అని చెప్పి టిక్కెట్టు కొన్నది. పైకి పోయింది. రైలు వచ్చింది. అందరూ ఎక్కారు. ఆమె కూడా ఎక్కింది.

ఒక స్టేషను దాటింది. రెండో స్టేషను వచ్చింది. కిటికీలోంచి బోర్డు కనిపించింది. "గాంధీ" అని చదివింది. తలుపులు మూసుకుంటాయేమో అని గబగబా దిగింది. రైలు వెళ్ళిపోయింది.

అప్పుడు బోర్డు మళ్ళీ చూసింది. గాం... ధీ. దాని పక్కన ఇంకో మాట ఉంది. భ... వ... న్. గాంధీ భవన్! హాస్పిటల్ కాదు!

అక్క కాళ్ళు వణికాయి. గోడ మీద గడియారం పది గంటలా నలభై నిమిషాలు చూపిస్తోంది. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి దగ్గరికి పోయింది.

"బిడ్డా, గాంధీ దవాఖాన ఎటు?"

"అమ్మా, ఇది గాంధీ భవన్. మీరు ఎర్ర లైను ఎక్కిన్రు. దవాఖాన పచ్చ లైనుల ఉంటది. భయపడకున్రి. అవతలి వైపు పోయి ఎల్.బి. నగర్ పోయే రైలు ఎక్కున్రి. రెండో స్టేషను ఎంజీబీఎస్. అక్కడ దిగి పచ్చ లైను ఎక్కితే సరి."

అక్క ఎంజీబీఎస్‌కు తిరిగి వచ్చింది. ఈసారి తొందర పడలేదు. ప్రతి బోర్డు చివరిదాకా చదివింది. పచ్చ రంగు గుర్తు వెంట నడిచింది. జేబీఎస్ పోయే రైలు అవునా కాదా అని చూసి ఎక్కింది. వేళ్ళ మీద లెక్క పెట్టింది. సుల్తాన్ బజార్ ఒకటి. నారాయణగూడ రెండు. చిక్కడపల్లి మూడు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నాలుగు. ముషీరాబాద్ అయిదు. గాంధీ హాస్పిటల్ ఆరు. రెండు మాటలూ చదివి దిగింది.

దవాఖాన చేరేసరికి పదకొండున్నర అయింది. చెల్లె కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. అక్కను చూసి ఏడ్చేసింది. నర్సమ్మ కాగితం ఇచ్చింది. అక్క కూడబలుక్కుని చదివింది. తెలియని మాటలు నర్సమ్మను అడిగి తెలుసుకుంది. సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం ఆపరేషను జరిగింది.

"తప్పిపోయినందుకు సిగ్గు పడలేదా?" అని ఊళ్ళో ఎవరో అడిగారు. "ఎందుకు సిగ్గు? తప్పు నేనే చదివి కనుక్కున్న" అన్నది ఆ అక్క.

మూడు ప్రశ్నలు

ఆ అక్క చేసిన పొరపాటు ఎవరైనా చేయవచ్చు. చదువుకున్నవాళ్ళు కూడా చేస్తారు. మనం ఏ బండి ఎక్కినా, ఎక్కే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: ఏ బండి? బస్సు అయితే నంబరు చూడాలి. మెట్రో అయితే లైను రంగు చూడాలి.

రెండు: ఎటు పోతుంది? ఒకే బండి పోతుంది, వస్తుంది. చివరి స్టాపు పేరు చదవాలి.

మూడు: ఎక్కడ దిగాలి? దిగే చోటు పేరు మొత్తం తెలియాలి. సగం పేరు తెలిస్తే చాలదు.

ఒకటే పేరు, వేరే చోటు

పట్నంలో ఒకే మాటతో మొదలయ్యే పేర్లు చాలా ఉన్నాయి. గాంధీ భవన్ వేరు, గాంధీ హాస్పిటల్ వేరు. ఇంకా చూడండి.

ఉస్మానియా దవాఖాన అఫ్జల్‌గంజ్‌లో ఉంది. ఉస్మానియా మెడికల్ కాలేజి కోఠిలో ఉంది. అక్కడ ఆ పేరుతో మెట్రో స్టేషను ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ ఇంకో చోట, తార్నాక వైపు ఉంది. మూడూ ఉస్మానియాలే. "ఉస్మానియా పోవాలి" అని ఊరికే అంటే ఎటు తీసుకుపోతారో చెప్పలేం.

సికింద్రాబాద్ ఈస్ట్ ఒక మెట్రో స్టేషను. సికింద్రాబాద్ వెస్ట్ ఇంకో స్టేషను. ఈస్ట్ నీలం లైను మీద ఉంది. వెస్ట్ పచ్చ లైను మీద ఉంది.

రైలులో వచ్చేవాళ్ళు కూడా జాగ్రత్తగా ఉండాలి. పట్నంలో సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్లు ఉన్నాయి. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త స్టేషను తెరిచారు. కొన్ని రైళ్ళు ఇప్పుడు అక్కడినుంచే పోతాయి. మీ రైలు ఏ స్టేషనులో ఆగుతుంది? తిరిగి ఏ స్టేషనులో ఎక్కాలి? టిక్కెట్టు మీద చదవండి.

సిటీ బస్సు

సిటీ బస్సుకు నంబరు ఉంటుంది. ఆ నంబరే దారిని చెబుతుంది. ఉదాహరణకు 218 నంబరు బస్సు కోఠికి, పటాన్‌చెరుకు మధ్య తిరుగుతుంది.

కొన్ని నంబర్ల పక్కన ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. 5కె, 49ఎం, 10హెచ్, 127కె ఇట్లా. ఆ అక్షరం కూడా ముఖ్యమే. అంకె ఒకటే అయినా, అక్షరం మారితే బస్సు దారి మారిపోతుంది. మనకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. తెలిసినవాళ్ళ చేత ఆ అక్షరాన్ని కాగితం మీద రాయించుకోండి. బస్సు మీద గుర్తు, కాగితం మీద గుర్తు ఒకటేనా అని పోల్చి చూడండి.

ఒక చోటికి రెండు నంబర్ల బస్సులు పోవచ్చు. 5కె, 49ఎం రెండూ సికింద్రాబాదు నుంచి మెహదీపట్నం పోతాయి. కాని వాటి దారులు వేరు. మీరు మధ్యలో దిగాలంటే ఏ బస్సో అడిగి తెలుసుకోండి.

ఇంకో సంగతి. నంబరు సరిగ్గానే ఉంటుంది. కాని రోడ్డుకు ఇవతలి వైపు నిలబడితే ఒక దిక్కుకు పోతాం. అవతలి వైపు నిలబడితే ఇంకో దిక్కుకు పోతాం. అందుకే నంబరు తరువాత ఊరి పేరు చదవాలి. ఎక్కేటప్పుడు కండక్టరును కూడా అడగాలి.

ముందు వైపు సీట్లు ఆడవాళ్ళవి. అక్కడ కూర్చోవడం మన హక్కు. టిక్కెట్టు తీసుకునేటప్పుడే కండక్టరుకు చెప్పండి: "నా స్టాపు వస్తే చెప్పు బిడ్డా." అయినా ఆయన మీదనే భారం వేయవద్దు. ఆయనకు వంద పనులు. కిటికీలోంచి దుకాణాల బోర్డులు చూడండి. చాలా బోర్డుల మీద కింద చివర ఆ పేట పేరు రాసి ఉంటుంది. అది చదివితే ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది.

ఉచిత టిక్కెట్టు

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం. దీన్ని మహాలక్ష్మి పథకం అంటారు. హైదరాబాదులో సిటీ ఆర్డినరీ బస్సులలో, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఇది చెల్లుతుంది. జిల్లాలలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చెల్లుతుంది.

మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సు. మెట్రో రైలు కాదు. మెట్రో రైలులో ఈ పథకం లేదు. మెట్రో డీలక్స్ అనే బస్సులో కూడా లేదు. బస్సు మీద రాసింది పూర్తిగా చదివి ఎక్కండి.

ఉచితం అయినా టిక్కెట్టు తీసుకోవాలి. దాన్ని జీరో టిక్కెట్టు అంటారు. తెలంగాణలో ఉంటున్నట్టు తెలిపే గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్ కార్డు మీద మీ అడ్రసు ఏమని ఉంది? ఒకసారి చదివి చూసుకోండి. చెకింగు వచ్చినప్పుడు టిక్కెట్టు లేకపోతే జరిమానా పడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి అనే పథకం మొదలయింది. అక్కడి ఆడవాళ్ళకు అక్కడి బస్సులలో ఉచితం. ఆంధ్ర అక్కలు హైదరాబాదు వస్తే సిటీ బస్సులో టిక్కెట్టు కొనాలి.

మెట్రో రైలు

హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలయింది. రోడ్డు మధ్యన స్తంభాలు కట్టారు. వాటి మీద రైలు పోతుంది. కింద బండ్లు ఆగిపోయినా, పైన రైలు ఆగదు. అందుకే త్వరగా చేరుతాం.

మెట్రోకు మూడు లైన్లు ఉన్నాయి.

ఎర్ర లైను: మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా.

నీలం లైను: నాగోల్ నుంచి రాయదుర్గం దాకా.

పచ్చ లైను: జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా. ఇది 2020 ఫిబ్రవరిలో మొదలయింది.

ఒక లైను నుంచి ఇంకో లైనుకు మూడు చోట్ల మారవచ్చు. ఎర్ర లైను, నీలం లైను అమీర్‌పేటలో కలుస్తాయి. ఎర్ర లైను, పచ్చ లైను ఎంజీబీఎస్‌లో కలుస్తాయి. నీలం లైను, పచ్చ లైను పరేడ్ గ్రౌండ్ దగ్గర కలుస్తాయి. మారేటప్పుడు మళ్ళీ టిక్కెట్టు కొనవలసిన పని లేదు. స్టేషను బయటికి పోకుండా, రంగు గుర్తు వెంట నడవాలి.

ఊరి నుంచి వచ్చే బస్సు బస్టాండు దాకా పోయేదాకా ఆగవలసిన పని కూడా లేదు. నల్లగొండ వైపు బస్సులు ఎల్.బి. నగర్ మీదుగా వస్తాయి. వరంగల్ వైపు బస్సులు ఉప్పల్ మీదుగా వస్తాయి. ఆ రెండు చోట్లా మెట్రో స్టేషన్లు ఉన్నాయి. మీరు పోయే చోటును బట్టి అక్కడే దిగవచ్చు.

మెట్రోలో కొన్ని పద్ధతులు ఉన్నాయి. సంచి తనిఖీ చేస్తారు. గేటు దగ్గర టిక్కెట్టు చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. ఆ టిక్కెట్టు పారేయవద్దు. దిగిన తరువాత బయటికి పోవడానికి కూడా అదే కావాలి. కొంగు ముడిలో పెట్టుకోండి.

కదిలే మెట్లు ఎక్కేటప్పుడు చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకోవాలి. ఒక చెయ్యి పక్కనున్న పట్టీ మీద పెట్టాలి. భయమైతే మామూలు మెట్లు ఉన్నాయి. లిఫ్టు ఉంది. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత దాటి ముందుకు పోవద్దు.

రైలులో ఆడవాళ్ళకు వేరే చోటు ఉంది. అది ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫారం మీద గుర్తు ఉంటుంది. ప్రతి స్టేషను పేరు తెలుగులో కూడా చెబుతారు. వినండి. వినడమే కాదు, బోర్డు కూడా చదవండి.

బస్సా, మెట్రోనా? పైసలు మిగలాలంటే బస్సు. పొద్దు మిగలాలంటే మెట్రో. ఆ రోజు మనకు ఏది ముఖ్యమో మనమే చూసుకోవాలి.

ఎంఎంటీఎస్ రైలు

ఇది రైల్వేవాళ్ళ లోకల్ రైలు. 2003లో మొదలయింది. నేల మీద మామూలు పట్టాల మీద నడుస్తుంది. సికింద్రాబాద్, బేగంపేట, నాంపల్లి, కాచిగూడ, ఫలక్‌నుమా, లింగంపల్లి వైపు పోతుంది. టిక్కెట్టు ధర చాలా తక్కువ. కాని మెట్రో లాగా వెంటవెంటనే రాదు. అందుకని టైము కనుక్కున్న తరువాతే టిక్కెట్టు కొనండి.

ఆటో

బస్సు, రైలు ఇంటి ముందు దాకా రావు. చివరి ముక్క దూరానికి ఆటో కావాలి. చేతిలో మూటలు ఉన్నా, రోగి ఉన్నా ఆటో కావాలి.

ఎక్కే ముందు ధర మాట్లాడండి. "ఎంతైనా ఇవ్వమ్మా" అంటే ఎక్కవద్దు. చోటు పేరు మొత్తం చెప్పండి. షేర్ ఆటోనా, మనం ఒక్కరికే ఆటోనా అని అడగండి. షేర్ ఆటో అయితే తలా ఇంత అని ఇస్తే చాలు.

ఈ రోజుల్లో పిల్లలు ఫోనులో ఆటో పిలుస్తారు. అప్పుడు ఫోనులో బండి నంబరు వస్తుంది. నాలుగు అంకెల గుర్తు కూడా రావచ్చు. ఆటో వెనక రాసిన నంబరు చదవండి. రెండూ ఒకటైతేనే ఎక్కండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఎక్కవద్దు.

రాత్రి పూట ఎక్కితే, బండి నంబరు ఇంట్లోవాళ్ళకు ఫోను చేసి గట్టిగా చెప్పండి. నడిపేవాడికి వినపడాలి.

నడక, రోడ్డు దాటడం

పట్నంలో రోడ్డు దాటడమే పెద్ద పని. పరుగెత్తవద్దు. సగం దాకా పోయి వెనక్కి రావద్దు. సిగ్నలు ఉన్న చోట దాటండి. మెట్రో స్టేషను ఉంటే ఇంకా మంచిది. ఇవతలి మెట్లు ఎక్కి అవతలి మెట్లు దిగితే రోడ్డు దాటినట్టే. అందుకు టిక్కెట్టు అక్కర లేదు.

మన చీటీ మనమే రాద్దాం

బయలుదేరే ముందు ఒక చీటీ రాసుకోండి. మీ చేతితో మీరే రాయండి. ఎందుకంటే మీ రాత మీకు సులువుగా అర్థమవుతుంది. అందులో ఇవి ఉండాలి:

పోవలసిన చోటు, పూర్తి పేరు.

ఎక్కవలసిన బస్సు నంబరు, లేదా మెట్రో లైను రంగు.

ఎటు వైపు పోయే బండి ఎక్కాలి?

దిగవలసిన స్టాపు. అది ఎన్నో స్టాపు?

పట్నంలో ఉన్న చుట్టాల ఫోను నంబరు.

ఫోను ఉంది గదా, చీటీ ఎందుకు అనుకోవద్దు. ఫోనులో ఛార్జింగు అయిపోతుంది. ఫోను పోతుంది. చీటీ కొంగున ఉంటుంది. డబ్బు అంతా ఒకే చోట పెట్టవద్దు. ఛార్జీల చిల్లర వేరే పెట్టుకోండి.

దారి తప్పితే కంగారు పడవద్దు. యూనిఫారం వేసుకున్నవాళ్ళను అడగండి. కండక్టరును అడగండి. పిల్లలతో ఉన్న ఆడవాళ్ళను అడగండి. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకోండి. తరువాత బోర్డు చదివి చూసుకోండి. ఎవరైనా వెంటపడినా, బెదిరించినా 112 నంబరుకు ఫోను చేయండి. పోలీసులు వస్తారు. ఈ మూడు అంకెలు ఇప్పుడే నేర్చుకోండి. ఒకటి, ఒకటి, రెండు.

ఆ నల్లగొండ అక్క ఇప్పుడు నెలకు ఒకసారి చెల్లెను చూపించడానికి దవాఖానకు తీసుకుపోతుంది. తోడు కోసం ఎవరి కూలీ పోవడం లేదు. మొన్న బస్టాండులో ఒక ముసలవ్వ ఆమెను అడిగిందట. "బిడ్డా, గాంధీకి ఎట్ల పోవాలె?" అక్క వెంటనే దారి చెప్పలేదు. "ఏ గాంధీ అవ్వా? భవనా, దవాఖానా?" అని అడిగింది. తరువాత చెయ్యి పట్టుకుని పచ్చ లైను దాకా తీసుకుపోయింది.

చేసి చూద్దాం

1. మీ ఊరి నుంచి హైదరాబాదు పోయే బస్సు ఏ దారిన పట్నంలోకి వస్తుంది? కనుక్కుని రాయండి.

2. ఎంజీబీఎస్ నుంచి గాంధీ హాస్పిటల్ దాకా ఉన్న ఆరు స్టేషన్ల పేర్లు చూడకుండా చెప్పండి. తరువాత చూసి సరిపోల్చండి.

3. ఒకే మాటతో మొదలయ్యే రెండు ఊళ్ళ పేర్లు, లేదా రెండు వీధుల పేర్లు మీకు తెలుసా? రాయండి.

4. మీ తోటి అక్క పట్నం పోతున్నది అనుకోండి. ఆమెకు ఒక చీటీ రాసి ఇవ్వండి. ఆమె చదివి మీకు దారి చెప్పాలి.

5. మీలో ఎవరైనా ఒక్కరే పట్నం పోయి వచ్చారా? ఎక్కడ దారి తప్పారు? ఎట్లా కనుక్కున్నారు? అందరికీ చెప్పండి.